ఒకే షావుకారు – ఫైర్‌ఫాక్స్ ఆదాయ కథ

ఈ సావనీరుకు ప్రకటనల కోసం రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డంతా మిత్రులతో కలిసి నేనూ తిరిగాను. ఒక కొట్టు యజమాని "ఇన్ని గుమ్మాలెక్కడం ఎందుకు బాబూ? పేజీలన్నీ నేనే తీసుకుంటా" అన్నారు. మాకు ప్రాణం లేచొచ్చింది. మా అధ్యక్షుడు మాత్రం, "వచ్చే ఏడు ఆయన వద్దంటేనోరా?" అన్నాడు. అప్పుడు నాకు ఫైర్‌ఫాక్స్ సంగతి జ్ఞాపకం వచ్చింది.

ఫైర్‌ఫాక్స్ ఒక బ్రౌజరు. మెనూలు తెలుగులోనూ దొరుకుతాయి. పైసా కట్టనక్కరలేదు. మరి పనిచేసేవారికి జీతాలెక్కడివి?

1998లో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజరు సోర్సు కోడును లోకానికి విడుదల చేసింది. ఆ కృషి నిలవడానికి 2003లో మొజిల్లా ఫౌండేషను అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. ఏఓఎల్ 20 లక్షల డాలర్లు ఇచ్చి సాయపడింది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ తొలి వెర్షను వచ్చింది. 2005లో ఫౌండేషను తన సొంత కంపెనీగా మొజిల్లా కార్పొరేషనును పెట్టింది. అది వ్యాపారం చేస్తుంది, పన్ను కడుతుంది. దాని ఏకైక యజమాని ఫౌండేషనే.

ఆ వ్యాపారమల్లా ముఖ్యంగా వెతుకులాట పెట్టె. అందులో మొదటి స్థానం ఇచ్చినందుకు గూగుల్ సొమ్ము చెల్లిస్తుంది. 2014 చివర అమెరికాలో ఆ స్థానం యాహూకు వెళ్లి, 2017లో తిరిగి గూగుల్‌కే వచ్చింది. 2023లో మొజిల్లా ఆదాయం సుమారు 65 కోట్ల డాలర్లు. అందులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు ఇటువంటి రాయల్టీలే. చిత్రమేమంటే, పోటీ బ్రౌజరు క్రోమ్ ఆ గూగుల్‌దే!

2024లో అమెరికా కోర్టు గూగుల్ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమంది. ఈ చెల్లింపులు ఆపించాలని ప్రభుత్వం కోరింది. ఆపితే ఫైర్‌ఫాక్స్ మనుగడకే ముప్పని 2025 మే నెలలో మొజిల్లా ఆర్థికాధికారి సాక్ష్యమిచ్చారు. సెప్టెంబరులో కోర్టు ప్రత్యేక హక్కుల ఒప్పందాలను కాదంది గాని, చెల్లింపులను ఆపలేదు. గండం గడిచింది.

వేరే దారులు వెతకలేదా? వెతికారు. 2017లో కొన్న పాకెట్ 2025లో మూతపడింది. 2020లో చందా కట్టే వీపీఎన్ సేవ మొదలైంది. 2024లో అనోనిమ్ అనే ప్రకటనల సంస్థను కొన్నారు. విరాళాలున్నాయి గాని అవి ఫౌండేషను కార్యక్రమాలకే. బ్రౌజరు తయారీకి కావు.

కోనసీమలో దింపు కాయంతా ఒకే షావుకారుకి తోలే రైతుకు ధర అడిగే నోరుండదు. అలాగని ఆ షావుకారుని వదిలేస్తే ఆ పూట గడవదు. మొజిల్లా అవస్థ అదే.

మేము ఆ పెద్దమనిషి దగ్గర ఒక్క పేజీయే తీసుకున్నాం. మిగతావాటికి మరో పదిహేను రోజులు తిరిగాం. చివరి పేజీలలోని చిన్న చిన్న ప్రకటనలను కూడా దయచేసి చదవండి.