మత్తుకు అలవాటుపడిన బిడ్డను చికిత్సకు ఒప్పించడం

మీ కుమారుడు గంజాయికో, నిద్రమాత్రలకో అలవాటుపడ్డాడని తెలిస్తే కోపం, సిగ్గు రెండూ కలుగుతాయి. అయినా మత్తులో ఉన్నప్పుడు ఏమీ అనకండి, ఆ మాటలు తలకెక్కవు. మర్నాడు తేటగా ఉన్నప్పుడు, అతను గౌరవించే పెద్దవారిని ఒక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. “చెడిపోయావురా” అనవద్దు. “మొన్న రాత్రి మెట్ల మీద పడిపోయావు, నాకు భయమేసింది నాన్నా” అనండి. ఆ తరువాత అతణ్ణి మాట్లాడనివ్వండి. తల్లిదండ్రులకు ఇదే కష్టం! తప్పిపోయిన కుమారుడు తిరిగొచ్చినప్పుడు తండ్రి ముందుగా లెక్కలు అడగలేదు గదా.

“నేనే మానేస్తాను, ఆసుపత్రి వద్దు” అంటాడు. చేరమని పట్టుబట్టకుండా, ఒక్కసారి డాక్టరుగారితో మాట్లాడి వద్దామనండి. ఒప్పుకున్న రోజే తీసుకురండి, రేపటికి మనసు మారవచ్చు. గదిలో పెట్టి తాళం వేయకండి. రోజూ వాడే నిద్రమాత్రలు గాని, సారాయి గాని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ప్రార్థన చేయండి, మందులు మాత్రం ఆపించకండి. అతని అప్పులు మీరు తీర్చవద్దు, అన్నం పెట్టండి.

పోలీసు కేసవుతుందని చాలామంది దాచిపెడతారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షను ఉంది. సొంతంగా వాడినందుకు, కొద్దిపాటి సరుకు దగ్గర ఉన్నందుకు కేసున్నవారు తమంతట తాము ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట గాని చికిత్స పూర్తిగా తీసుకుంటే ఆ సెక్షను రక్షణ ఇస్తుంది. 14446కు ఉచితంగా ఫోను చేసి దగ్గరలోని కేంద్రం ఎక్కడుందో అడగండి. నయమయ్యాక మళ్లీ వాడితే, మళ్లీ తీసుకురండి.