పంచాయతీ ట్రాక్టరు: పవర్ స్టీరింగు పంపు, గొట్టముల మరమ్మతు

గ్రామ పంచాయతీ చేతిలోనున్న యంత్రములలో నేడు ట్రాక్టరు ముఖ్యమైనది. ఉదయమున వీధులలోని చెత్తను తరలించుట, వేసవిలో నీటి ట్యాంకరును వాడవాడకు చేర్చుట, నాటిన మొక్కలకు నీరు పోయుట మున్నగు పనులు దానిమీదనే ఆధారపడియున్నవి. తెలంగాణ రాష్ట్రమున 2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమముతో గ్రామ పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొన్నవి. అప్పుడు కొన్న బండ్లకు ఏండ్లు నిండినవి. ఎండకు, ఇంజను వేడికి రబ్బరు గొట్టములు పెళుసెక్కి పగుళ్లు వారు కాలము వచ్చినది.

ట్రాక్టరు స్టీరింగు బరువెక్కినదని డ్రైవరు చెప్పగానే, పంపు చెడినదని తలచి క్రొత్త పంపునకు డబ్బు చెల్లించుట పరిపాటియైనది. పెక్కు సందర్భములలో లోపము పంపునందుండదు. ఒక గొట్టమునందో, ఒక వాషరునందో, కొన్ని వేళల ముందు టైరు గాలియందో ఉండును. కావున ముందు లోపమును కనుగొని పిమ్మట వస్తువు కొనవలెనని, ఒత్తిడి గొట్టమును ఎన్నడును అతుకువేయరాదని ఈ వ్యాసమున మేము చెప్పదలచినాము.

పవర్ స్టీరింగు పనిచేయు విధము

ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు 1926లో అమెరికా దేశమున ఒక పియర్స్ యారో కారునకు ఆయిలు ఒత్తిడితో పనిచేయు స్టీరింగును అమర్చి చూపెను. 1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో దీనిని ప్రవేశపెట్టిన పిమ్మట ఇది కార్లలో వ్యాపించినది. నేడు ట్రాక్టర్లలోను ఇది సామాన్యమైనది.

దీనిలోని భాగములు కొద్దియే. ఆయిలు నిలువయుండు చిన్న డబ్బా ఒకటి. ఇంజను త్రిప్పు పంపు ఒకటి. స్టీరింగు చక్రము క్రిందనుండు యూనిట్టు ఒకటి. ముందు ఇరుసువద్ద చక్రములను నెట్టు సిలిండరు ఒకటి. వీనిని కలుపు గొట్టములు కొన్ని. పంపు ఆయిలును ఒత్తిడితో పంపును. మనము చక్రమును త్రిప్పిన వైపునకు యూనిట్టు ఆ ఆయిలును మరల్చును. సిలిండరు ముందు చక్రములను నెట్టును. పనిచేసిన ఆయిలు మరియొక గొట్టము గుండా డబ్బాకు తిరిగి చేరును.

ఈ గొట్టములు రెండు విధములు. పంపునుండి యూనిట్టునకు, యూనిట్టునుండి సిలిండరునకు పోవునవి ఒత్తిడి గొట్టములు. వీనిలోని ఒత్తిడి చదరపు అంగుళమునకు 1,000 పౌనులను మించగలదు. ట్రాక్టరు ముందు టైరులోని గాలి ఒత్తిడి కొన్ని పదుల పౌనులు మాత్రమేనని గుర్తుంచుకొన్నచో ఈ బలము అర్థమగును. డబ్బానుండి పంపునకు పోవునది, పనియైన పిదప డబ్బాకు తిరిగి వచ్చునది, ఈ రెండును తక్కువ ఒత్తిడి గొట్టములు. మరమ్మతులో ఈ భేదమే ప్రధానము.

అశ్రద్ధ ఏల కూడదు

కారులో పవర్ స్టీరింగు పనిచేయకపోయినను చక్రమునకు, ముందు చక్రములకు ఇనుప భాగములతో సంబంధముండును. త్రిప్పుట కష్టమగునేగాని కారు తిరుగును. నేటి ట్రాక్టర్లలో పెక్కింటికి అట్టి సంబంధము లేదు. చక్రమునకును ముందు ఇరుసునకును నడుమ నున్నది ఆయిలు మాత్రమే. ఇంజను ఆగినను గొట్టములు బాగుగ నున్నంతవరకు బలము నుపయోగించి కొంత త్రిప్పవచ్చును. సిలిండరు గొట్టము తెగి ఆయిలు పోయినచో చక్రము చేతిలో ఊరక తిరుగును, బండి తిరుగదు. నిండు ట్యాంకరుతో చెరువు కట్టమీద పోవునపుడు ఇట్లు జరిగిన ఏమగునో సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆయిలు కారుచున్న గొట్టముతో ట్రాక్టరును పనికి పంపుట మనిషి ప్రాణముతో కూడిన విషయము.

లోపమును కనుగొను క్రమము

మొదట ముందు టైర్లలో గాలి చూడవలెను. గాలి తగ్గినచో స్టీరింగు బరువెక్కును. పిమ్మట ముందు ఇరుసు కింగ్ పిన్నులకు, కీళ్లకు గ్రీజు పెట్టవలెను. ఈ రెండు పనులతోనే బరువు తగ్గినచో పంపు జోలికి పోనక్కరలేదు.

తరువాత డబ్బాలోని ఆయిలు మట్టమును చూడవలెను. మూత తీయుటకు ముందు దాని చుట్టునున్న దుమ్మును తుడువవలెను. ఆయిలు పాలవలె తెల్లగానున్న నీరు కలసినదని, నురుగుగా నున్న గాలి చొరబడినదని, నల్లబడి మాడిన వాసన వచ్చుచున్న మిక్కిలి వేడెక్కినదని గ్రహింపవలెను.

మట్టము తగ్గినచో ఆయిలు ఎక్కడికో పోవుచున్నది. గొట్టములను, కీళ్లను గుడ్డతో శుభ్రముగ తుడిచి, కొంతసేపు ఇంజను నడిపి, చక్రమును ఇరువైపుల త్రిప్పి, ఇంజను ఆపి, తడి ఎక్కడ కనబడుచున్నదో చూడవలెను. ఇనుపకొన, రబ్బరు కలియు చోట, వంపులవద్ద, గొట్టము ఇనుముతో రాచుకొను చోట మొదట వెదకవలెను. సిలిండరునకు పోవు గొట్టములు బండి తిరిగినప్పుడెల్ల కదలును గాన అవియే త్వరగా అరుగును.

బయట ఎచ్చటను తడి లేక ఆయిలు తగ్గుచున్నచో ఇంజను ఆయిలు మట్టమును చూడవలెను. పంపు ఇంజను పళ్లచక్రములకు నేరుగా బిగింపబడిన బండ్లలో, పంపు ఇరుసు సీలు అరిగిన ఎడల స్టీరింగు ఆయిలు ఇంజనులోనికి పోవును. ఒకటి తగ్గుచు రెండవది పెరుగుచున్నచో కారణమిదియే కావచ్చును. అప్పుడు బండిని ఆపి మెకానిక్కునకు చూపవలెను.

డబ్బానుండి పంపునకు పోవు గొట్టము క్లిప్పు వదులైనచో ఆయిలు బయటికి రాకపోవచ్చును. పంపు ఆ సందుగుండా గాలిని పీల్చును. ఆయిలు నురుగెక్కును, పంపు మూలుగును, స్టీరింగు కుదుపులతో తిరుగును. ఇదంతయు పంపు చెడినట్లే తోచును. క్లిప్పు బిగించిన సరిపోవును.

కారునకును, జీపునకును ఇదే క్రమము. వానిలో పంపును బెల్టు త్రిప్పునది సామాన్యము గనుక బెల్టు బిగువును గూడ చూడవలెను. చక్రము త్రిప్పినపుడు కీచుమను శబ్దము బెల్టు జారుటవలన కలుగును.

వ్రేలితో తడుమరాదు

ఇంజను నడుచుచుండగా ఆయిలు కారు చోటును వ్రేలితో తడుముట మిక్కిలి ప్రమాదకరము. సూదిమొనంత రంధ్రమునుండి వచ్చు ఆయిలు కంటికి కనబడక చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. మొదట చిన్న చుక్కవంటి గాయము మాత్రమే కనబడును, నొప్పి అంతగా ఉండదు. కొన్ని గంటలలో చేయి వాచును, లోపలి కండ చెడును, వ్రేలు లేక చేయి తీసివేయవలసిన స్థితి రావచ్చును. అట్టి గాయమైనచో పసుపు పెట్టి ఇంటివద్ద నుండరాదు. శస్త్రచికిత్స వసతిగల ఆసుపత్రికి వెంటనే చేర్చి, ఒత్తిడిగల ఆయిలు చర్మములోనికి పోయినదని, అది ఏ ఆయిలో వైద్యునికి చెప్పవలెను. కారు చోటును వెదకుటకు అట్టముక్కను దూరముగ పట్టి చూడవలెను. అట్టపై తడి మచ్చ పడిన చోటు తెలియును.

గొట్టములను మార్చుట

పనికి ముందు బండిని చదును నేలపై నిలిపి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందు వెనుక దిమ్మెలు పెట్టవలెను. ఇంజనును ఆపి తాళము జేబులో నుంచుకొనవలెను. ఆయిలు చల్లారిన పిదప చక్రమును రెండు మూడుసార్లు ఇరువైపుల త్రిప్పిన లోపల మిగిలిన ఒత్తిడి పోవును. ముందు భాగమును లేపవలసినచో జాకీని మాత్రము నమ్మరాదు. ఇరుసు క్రింద గట్టి కొయ్యదిమ్మెలు పెట్టవలెను. ఇటుకలు, రాళ్లు పగులును గాన పనికిరావు.

తక్కువ ఒత్తిడి గొట్టమును ఊరిలోనే మార్చుకొనవచ్చును. క్రింద పళ్లెము పెట్టి, క్లిప్పు వదులు చేసి, పాత గొట్టమును తీసి, అదే లావు, అదే పొడవుగల గొట్టమును తొడిగి క్రొత్త క్లిప్పు బిగింపవలెను. ఆయిలునకు తట్టుకొను రబ్బరు గొట్టమునే కొనవలెను. నీటిమోటారు గొట్టము ఆయిలులో ఉబ్బి మెత్తబడి ఊడిపోవును.

ఒత్తిడి గొట్టమును అతుకరాదు. సైకిలు ట్యూబు చుట్టి, ఇనుప తీగ కట్టి నడపుచున్న బండ్లను మేము గ్రామములలో చూచితిమి. అది పనిచేయదు, పైగా పగులును కంటికి మరుగుపరచును. గొట్టములోపల ఉక్కు తీగల అల్లిక యుండును. ఇనుప కొనలు యంత్రముతో నొక్కబడి యుండును. కంపెనీ గొట్టమును కొనుట మేలు. దొరకని ఎడల పట్టణమున హైడ్రాలిక్ గొట్టములు తయారుచేయు దుకాణమునకు పాత గొట్టమును మాదిరిగ తీసికొనిపోయి, అదే పొడవు, అదే లోపలి వెడల్పు, అవే మరలుగల గొట్టమును చేయించుకొనవలెను. హైడ్రాలిక్ గొట్టములు సామాన్యముగ పనిచేయు ఒత్తిడికి నాలుగు రెట్లు తట్టుకొనునట్లు తయారగును. కావున దానిపై ముద్రింపబడిన ఒత్తిడి అంకె పాతదానికంటె తక్కువ ఉండరాదు.

గొట్టములను ఊడదీయుటకు ముందే ప్రతిదానికి గుర్తు కట్టవలెను. సిలిండరునకు పోవు రెండు గొట్టములను తారుమారుగ బిగించినచో కుడికి త్రిప్పిన బండి ఎడమకు పోవును. ఊడదీసిన కొనలకు శుభ్రమైన మూతలు పెట్టవలెను. ఒక ఇసుక రేణువు పంపును గీరగలదు. వాషర్లను, ఓ రింగులను ప్రతిసారి క్రొత్తవి వేయవలెను. గొట్టము మెలిపడకుండ, ఇనుముతో రాచుకొనకుండ, బండి పూర్తిగ తిరిగినను బిగువు పడకుండ అమర్చి, రెండు పానాలతో, ఒకటి కీలును పట్టుటకు, రెండవది నట్టును త్రిప్పుటకు వాడి బిగింపవలెను.

పంపును మార్చునపుడు

ఆయిలు సరిగానుండి, గాలి లేక, గొట్టములు బాగుగనుండి, యూనిట్టులోను లోపము లేదని తేలిన పిదప, ఇంజను నెమ్మదిగ నడుచునపుడు స్టీరింగు బరువుగను వేగము పెంచినపుడు తేలికగను ఉన్నచో పంపు అరిగినదని అనుమానింపవచ్చును. పంపును ఊరిలో విప్పి లోపలి భాగములను మార్చబూనరాదు. మొత్తము పంపును మార్చుట, లేక నేర్పరియైన మెకానిక్కుచే సీళ్లు వేయించుట తగును. క్రొత్త పంపును బిగించుటకు ముందు ఆయిలు పీల్చు రంధ్రములో కొంత శుభ్రమైన ఆయిలు పోయవలెను. పొడిగా తిరిగిన పంపు కొద్ది నిమిషములలోనే అరిగిపోవును. పాత ఆయిలును వంపి, ఫిల్టరును మార్చవలెను. ఒత్తిడిని నియంత్రించు వాల్వు మరను పెంచి బిగించుట మిక్కిలి అపాయము. వారంటీ కాలములోనున్న బండిని స్వయముగ విప్పరాదు.

గాలి తీయుట

పని ముగిసిన పిదప కంపెనీ పుస్తకమున చెప్పిన ఆయిలునే గుర్తువరకు పోయవలెను. వేర్వేరు ఆయిళ్లను కలుపరాదు. ముందు చక్రములు నేలను తాకకుండ లేపియుంచి, ఇంజనును నెమ్మదిగ నడుపుచు, చక్రమును ఒక కొసనుండి మరియొక కొసవరకు పలుమార్లు మెల్లగ త్రిప్పవలెను. కొసవద్ద పట్టి యుంచరాదు. అట్లు పట్టినచో ఒత్తిడి పెరిగి ఆయిలు కాగును. మధ్యమధ్య ఇంజను ఆపి ఆయిలు మట్టమును నింపుచు, నురుగు పోయి మూలుగు ఆగువరకు ఇట్లు చేయవలెను. పిమ్మట బండిని దింపి, ఖాళీ స్థలమున, ట్రాలీ లేకుండ నడిపి, కీళ్లను మరల చూచి, ఆ తరువాతనే పనికి పంపవలెను. పాత ఆయిలును మురుగు కాలువలోగాని బావివద్దగాని పారబోయరాదు. డబ్బాలో నిలువచేసి, వాడిన ఆయిలును సేకరించువారికి ఇయ్యవలెను.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

స్టీరింగు మరమ్మతు డ్రైవరు ఒక్కని పని కాదు. ప్రతి ఉదయము బండి నిలిచిన చోట నేలపై ఆయిలు మరక ఉన్నదేమో చూచి పుస్తకమున వ్రాయునట్లు ఏర్పాటు చేయవలెను. గొట్టము కారుచున్నదని డ్రైవరు చెప్పినచో ఆ పూట పని ఆగినదని అతనిని నిందింపరాదు. నిందింపబడిన డ్రైవరు రెండవసారి చెప్పడు. వేసవికి ముందే ఒక జత ఒత్తిడి గొట్టములు, ఓ రింగులు, వాషర్లు, ఒక డబ్బా ఆయిలు పంచాయతీ కార్యాలయమున ఉంచుకొన్నచో నీటి ట్యాంకరు దినములకొలది నిలిచిపోదు. మరమ్మతు చేయించినపుడు తీసిన పాత భాగమును అడిగి తీసికొని, మార్చిన తేదీని, అయిన ఖర్చును పుస్తకమున వ్రాసి, సమావేశమున సభ్యుల ముందుంచవలెను.

కారణము తెలియక కొన్న పంపువలన ప్రజాధనము వ్యర్థమగును. అతుకువేసిన గొట్టమువలన మనిషికి హాని కలుగును. ఈ రెండును మన గ్రామములలో జరుగకుండ చూచుట పంచాయతీ సభ్యుల చేతిలోనే యున్నది. వారు రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చించి, తమ ట్రాక్టరు గొట్టములను ఒకసారి స్వయముగ పరిశీలింతురని ఆశించుచున్నాము.