కొత్తగా కొన్న గేదెకు బీమా : సంతకం పెట్టే ముందు చూడవలసిన విషయాలు

సంతలో గేదెను బేరమాడేటప్పుడు మన సభ్యులు పొదుగు చూస్తారు, పాలనరం చూస్తారు, రెండు పూటలా దగ్గర నిలబడి పాలు పితికించి చూస్తారు. ఆ విద్యలో వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అదే గేదెకు బీమా చేయించేటప్పుడు మాత్రం చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేస్తారు. ఏ కారణానికి డబ్బు వస్తుంది, ఏ రోజు నుంచి వస్తుంది, ఎంత వస్తుంది అన్న సంగతులు గేదె చనిపోయిన తరువాత గాని బయటపడవు. అప్పటికి పాలు ఆగిపోతాయి, బ్యాంకు వాయిదాలు మాత్రం ఆగవు.

సాధారణ బీమా వ్యాపారం జాతీయమై 1973 నుంచి నాలుగు ప్రభుత్వ కంపెనీల చేతికి వచ్చింది. పశువుల బీమా పల్లెల్లో విస్తరించింది ఆ తరువాతనే. ఇప్పుడు ప్రయివేటు కంపెనీలు కూడా ఈ పాలసీలు ఇస్తున్నాయి. కంపెనీ ఏదైనా పాలసీ మూలరూపం ఇంచుమించు ఒకటే. జబ్బు వల్లగాని, ప్రమాదం వల్లగాని, ఆపరేషను సమయంలోగాని పశువు చనిపోతే పరిహారం ఇస్తారు. పిడుగు, వరద, తుపాను, అగ్ని ప్రమాదం కూడా ఇందులోనే చేరతాయి. తెగిపడిన కరెంటు తీగ తగిలినా, పాము కరిచినా ప్రమాదం కిందికే వస్తుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనను చూసిన కుటుంబాలకు ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. పశువు దొంగలపాలైతే మాత్రం మామూలు పాలసీలో పైసా రాదు. పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బుకు రాదు. వైద్యం చేయించకుండా వదిలేసినా, తెలియనివారి చేత మోటు వైద్యం చేయించినా రాదు.

బీమా పని గేదె ఇంటికి వచ్చాక మొదలుపెట్టేది కాదు, కొనే రోజునే మొదలుపెట్టవలసినది. దీనికి మొదటి కారణం వయసు. సాధారణంగా పాడి గేదెలకు 3 ఏళ్ళ నుంచి 12 ఏళ్ళ వరకు, పాడి ఆవులకు 2 ఏళ్ళ నుంచి 10 ఏళ్ళ వరకు బీమా ఇస్తారు. దళారి రెండవ ఈత అని చెప్పిన గేదె నాలుగో ఈతదో అయిదో ఈతదో కావచ్చు. కొమ్ముల మీది వలయాలను గీకి నున్నగా చేసేవారు కూడా లేకపోలేదు. బీమా కోసం ఆరోగ్య ధ్రువపత్రం ఎలాగూ పశువైద్యుడే ఇవ్వాలి. ఆయనకు పళ్ళు చూపించేదేదో డబ్బు చెల్లించక ముందే చూపిస్తే ఒక్క ఖర్చుతో రెండు పనులు జరుగుతాయి. హర్యానా నుంచి ముర్రా గేదెలు తెప్పించుకునేవారు ఇంకో సంగతి అడగాలి. దారిలో జరిగే నష్టం మామూలు పాలసీలో ఉందా, లేక దానికి వేరే ప్రీమియం కట్టాలా? లారీ ఎక్కించక ముందే ఈ విషయం తేల్చుకోవాలి.

ఇక అందరూ దెబ్బతినే చోటు మొదటి 15 రోజులు. ప్రమాదానికి పాలసీ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. జబ్బుతో చనిపోతే మాత్రం మొదటి 15 రోజుల వరకు పరిహారం ఉండదని మామూలు పాలసీల్లో షరతు ఉంటుంది. కొన్ని పథకాల్లో ఈ గడువు వేరుగా ఉండవచ్చు, కాబట్టి కాగితంలో చూసుకోవాలి. కంపెనీ వారి ఆలోచన స్పష్టమే. జబ్బు చేసిన పశువును తెచ్చి బీమా చేయించకుండా ఈ షరతు పెట్టారు. కాని మన వైపు నుంచి చూడండి. గేదెకు అసలు గండం ఆ పదిహేను రోజుల్లోనే. ప్రయాణపు అలసట, కొత్త నీళ్ళు, కొత్త మేత, సంతలో నూరు పశువుల మధ్య నిలబడడం, ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి. గాలికుంటు సోకిన పశువులో లక్షణాలు కనపడడానికి రెండు వారాల వరకు పట్టవచ్చు. గొంతువాపు అయితే అలసిపోయిన పశువును ఒకటి రెండు రోజుల్లోనే తీసుకుపోతుంది. కాబట్టి ఈ రోజుల్లో గేదెను బీమా కాపాడదు, మనమే కాపాడుకోవాలి. మూడు వారాలు మిగిలిన పశువులకు దూరంగా కట్టండి. తొట్టి వేరుగా పెట్టండి. పాత మేత నుంచి కొత్త మేతకు మెల్లగా మార్చండి. టీకాలు ఎప్పుడు వేయించారో అమ్మినవారిని అడగండి. ఈ టీకాల వివరం కేవలం ఆరోగ్యం కోసమే కాదు. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు వంటి వ్యాధులతో పశువు చనిపోతే, టీకా వేయించినట్లు రుజువు ఉంటేనే పరిహారం ఇస్తామనే పాలసీలు ఉన్నాయి.

గడువు ఉంది కదా అని బీమాను వాయిదా వేయడం తెలివైన పని కాదు. ఎన్ని రోజులు ఆలస్యం చేస్తే ఆ పదిహేను రోజులు అంత ముందుకు జరుగుతాయి. అలాగే పాలసీ ముగియకముందే పునరుద్ధరించుకుంటే ఈ గడువు మళ్ళీ వర్తించదు. నాలుగు రోజులు ఆలస్యమైతే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

ఎంతకు బీమా చేయించాలి? ప్రీమియం తగ్గుతుందని 90,000 రూపాయల గేదెను 50,000కు రాయించేవారున్నారు. గేదె పోతే 50,000కు మించి రాదు. ఎక్కువకు రాయించినా లాభం లేదు. పరిహారం లెక్కించేటప్పుడు జబ్బు చేయకముందు ఆ పశువుకున్న మార్కెట్ ధరను కూడా చూస్తారు. రెండిటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. కొన్న రసీదు, రోజుకు ఎన్ని లీటర్లు పోస్తున్నదో చూపే మన సంఘం పాల పుస్తకం జాగ్రత్తగా ఉంచితే ధర విషయంలో తగవు రాదు. ఆ పుస్తకం కంటే గట్టి సాక్ష్యం పాడి రైతుకు మరొకటి లేదని నా అభిప్రాయం.

ప్రీమియం లెక్క ఇలా ఉంటుంది. రేటు నూటికి 4 రూపాయలు అనుకుంటే 90,000కు 3,600 రూపాయలు. జాతీయ పశుగణ మిషన్ కింద రైతు వాటాను 15 శాతానికి తగ్గిస్తూ 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. మిగిలిన మొత్తాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి. ఆ లెక్కన రైతు చేతి నుంచి పడేది 540 రూపాయలే. ఏజెంటు దగ్గరకు పోయే ముందు పశువుల ఆసుపత్రిలో ఈ పథకం గురించి అడగడం మరువకండి.

చావుకే గాక, శాశ్వత పూర్తి వైకల్యానికి కూడా అదనపు ప్రీమియంతో బీమా తీసుకోవచ్చు. ఇందులో సాధారణంగా బీమా మొత్తంలో 75 శాతం ఇస్తారు. మన ఉదాహరణలో అది 67,500 రూపాయలు. అయితే ‘శాశ్వత’, ‘పూర్తి’ అన్న రెండు మాటలనూ గట్టిగా పట్టుకోవాలి. పొదుగువాపు వల్ల ఒక చన్ను పోతే ఇది వర్తించదు. ఒకసారి చూలు నిలవకపోయినా వర్తించదు. ఇక ఎన్నటికీ చూడి కట్టదని గాని, పాలివ్వదని గాని, వైద్యం చేయించిన కాగితాలతో సహా పశువైద్యుడు ధ్రువీకరించాలి. ఒకటే గేదె ఉండి, అప్పు మీద కొన్నవారు ఈ అదనపు బీమా తీసుకోవడం మంచిది. పది పశువులున్న వారికి అంత అవసరం కనపడదు.

ఇక చెవి ట్యాగు. ట్యాగు లేనిదే క్లెయిము లేదన్నది పశువుల బీమాలో పాత సూత్రం. పన్నెండు అంకెల పసుపుపచ్చ ట్యాగు నంబరు పాలసీలో సరిగా పడిందో లేదో ఒక్కొక్క అంకె చదివి సరిచూసుకోండి. కొమ్ముల వంపు, నుదుటి మచ్చ, తోక కుచ్చు రంగు కూడా అందులో సరిగా ఉండాలి. కంచెకు తగిలి ట్యాగు ఊడిపోతే ఆ రోజే కంపెనీకి తెలిపి, కొత్తది వేయించి, కొత్త నంబరును పాలసీలో రాయించుకోవాలి. గేదె పోయాక ట్యాగు ఊడిన కథ చెబితే వినేవారుండరు.

గేదె చనిపోతే వెంటనే కంపెనీకి తెలపాలి. చెవిలో ట్యాగు కనిపించేలా ఫోటో తీయాలి. పోస్టుమార్టం జరిగేదాకా పూడ్చకూడదు. సబ్సిడీ పథకం కింద అయితే కంపెనీకి తెలిపిన సమాచారం, పాలసీ, క్లెయిము ఫారం, పోస్టుమార్టం ధ్రువపత్రం, ఈ నాలుగే కావాలి. కారణం లేకుండా తిరస్కరిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. బ్యాంకు అప్పు ఉంటే పరిహారం ముందుగా అప్పు ఖాతాకే జమ అవుతుంది. అందుచేత పాలసీ నకలు బ్యాంకులోనే వదిలేయక ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

మధ్యలో గేదెను అమ్మితే, సబ్సిడీ పథకంలో మిగిలిన కాలానికి పాలసీని కొన్నవారి పేరుకు మార్చవచ్చు. బీమా ఉన్న గేదెను మీరు కొంటున్నట్లయితే బేరం కుదిరిన రోజునే అమ్మినవారిని కంపెనీ కార్యాలయానికి వెంటబెట్టుకుపోయి ఆ మార్పు రాయించుకోండి.