క్రొత్త వర్తకము – స్థిరపడిన వర్తకము



మేము గ్రామములకు పోయినపుడు సంఘసభ్యులు తఱచుగా మమ్ము నిట్లడుగుచుందురు: "అయ్యా! పట్టణములోని షావుకారునకు ఏటేట లాభము వచ్చుచున్నది. మా సంఘము పుట్టి రెండేండ్లయినను మిగులు కానరాదు. మా లోపమేమి?" లోపము సంఘమున లేకపోవచ్చును, పోల్చిన తీరుననే యుండవచ్చును.

నేడు జనులు స్టార్టప్ అని పిలుచు క్రొత్త వ్యాపారము స్థిరపడిన వ్యాపారమునకు చిన్నరూపము కాదు. రెండింటి పనియే వేఱు. తాతలనాటి వరిమడిని తలంపుడు. నీరెప్పుడు వచ్చునో, నారెప్పుడు పోయవలయునో, ఎకరమునకు ఎన్ని బస్తాలు పండునో రైతునకు తెలియును. అచ్చట కావలసినవి శ్రద్ధయు, పొదుపును. ఎఱుగని విత్తనమైనచో, వివేకియగు రైతు పది సెంట్లలో చల్లి చూచును గాని పొలమంతయు చల్లడు. స్థిరపడిన వర్తకునకు కొనువాడు, ధర, ఖర్చు ముందే తెలిసియుండును. క్రొత్తవాడు ఈ మూడింటిని కనుగొనవలసియున్నది. ఆ కనుగొనుటయే వాని మొదటి పంట. లాభము తరువాతి పంట.

దీనికి గుజరాతులోని ఆనందు పట్టణము మంచి నిదర్శనము. 1946లో అచ్చటి ఖేడా జిల్లా పాలను బొంబాయికి పంపు వర్తకము పోల్సన్ కంపెనీ చేతిలో నుండెను. తమకు చేరు ధర చాలదని రైతులు పదునైదు దినములు పాలు పోయుట మానిరి. ఆ యేడు డిసెంబరు 14వ తేదీన వారి సహకార యూనియను రిజిస్టరైనది. త్రిభువన్‌దాస్ పటేలుగారు దానికి అధ్యక్షులు. 1948లో రెండు గ్రామసంఘముల పాలతో, దినమునకు సుమారు 250 లీటర్లతో పని మొదలయ్యెను. కంపెనీకి యంత్రములు, అనుభవము, పేరు కలవు. యూనియనుకు ఇవి లేవు. అయినను వారు తొలుత మేడ కట్టలేదు. బొంబాయి ప్రభుత్వపు పాల పథకమును కొనుగోలుదారుగా కుదుర్చుకొనిరి. పాలు విఱుగక 400 కిలోమీటర్లకు పైబడిన దూరము చేరవలసియుండెను. చలికాలమున గేదెలు ఎక్కువ పాలిచ్చుటయు, ఆ మిగులంతయు బొంబాయిలో చెల్లకపోవుటయు అనుభవముచే తెలిసెను. అప్పుడు వెన్న, పాలపొడి చేయు కర్మాగారము అవసరమయ్యెను. అది 1955లో తెఱవబడెను. అనగా పాలమ్మ నారంభించిన ఏడేండ్లకు గాని ఆ పెద్ద కట్టడము రాలేదు. ఆ యూనియనే నేటి అమూల్‌కు మూలము.

మేము పనిచేయు ప్రాంతమున ఒక సంఘము ఇందుకు విరుద్ధముగా నడచినది. వాటాధనము చాలక అప్పు కూడ చేసి కారపు మరను, షెడ్డును సమకూర్చిరి. కారము సిద్ధమైన పిదప బజారునకు పోగా, పేరుపడిన కారమునే తీసికొందుమని అంగళ్లవారనిరి. మర మూతపడెను, వడ్డీ మాత్రము ఆగలేదు. ప్రారంభదినమున మేమును పూలమాల వేయించుకొని ప్రసంగించితిమి; కొనువారెవ్వరని అడుగమైతిమి. ఆ తప్పులో మాకును వాటా కలదు.

కావున క్రొత్తగా పూనుకొను సంఘములు ఈ క్రమమును పాటింపవలయును.

1. మొదట నలుగురైదుగురు అంగళ్లవారికి కొద్ది సరుకిచ్చి, రెండవమారు వారే అడుగుదురేమో చూడవలయును.

2. మర కొనకముందు కూలికి ఆడించుకొనవలయును.

3. పోయినను సంఘము నిలుచునంత సొమ్మునే పరీక్షకు కేటాయింపవలయును.

4. నెలనెలా లాభనష్టములతోపాటు, ఆ నెల తెలిసికొన్న దేమియో మినిట్సు పుస్తకమున వ్రాయవలయును.

కేంద్రప్రభుత్వము 2020లో ప్రారంభించిన రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకమున, ఒక్కొక్క సంస్థకు నిర్వహణ ఖర్చులకై మూడేండ్లకు 18 లక్షల రూపాయల వఱకు సాయ మేర్పఱచిరి. అట్టి సాయము పొందినవారు దానిని లాభమని భ్రమింపక, పరీక్షకు దొరికిన గడువని యెంచవలయును.

కొనువారు స్థిరపడి, ధర ఖర్చును మించిన పిమ్మట, తూకము, నాణ్యము, లెక్కలయందు పాతవర్తకుని కట్టుబాటును నేర్వవలయును. ఎల్లకాలము పరీక్షించుచునే యుండువాడును చెడును.

రాబోవు సర్వసభ్య సమావేశమున "మనకు మిగిలినదెంత?" అని అడుగుటకు ముందు, "మన సరుకును రెండవమారు కొన్నవారెందఱు?" అని అడుగుడు. ఆ జవాబును బట్టియే మీ సంఘము ఏ దశలో నున్నదో తెలియగలదు.