ఠాణా మీద కట్టిన పాట

నల్లగొండ

బిడ్డా,

నువ్వు పంపిన పాట ఇంట్ల అందరం విన్నం. ఠాణాల దెబ్బలు తిన్న పిల్లగాడు చెయ్యి వాచి ముద్ద కలుపుకోలేకపోతే తల్లి తినిపించే చరణం దగ్గర మీ అత్తమ్మ కండ్లనీళ్లు పెట్టుకున్నది. ఆ చరణం ముట్టకు. తర్వాతి చరణంల ఎస్సై పెండ్లాం పిల్లలకు శాపనార్థాలు పెట్టినవు, అవి తీసెయ్. వాళ్లు లాఠీ పట్టలేదు. రాత్రంత తలకిందులుగ వేలాడదీసిండ్రని కూడ రాసినవు. అది పిల్లగాడు చెప్పిండా, ఊర్ల ఎవలన్న అన్నరా? పిల్లగాడు చెప్పకుంటే కొట్టెయ్. ఒక్క మాట తప్పని తేలినా పాటంత అబద్ధమంటరు, ఆ పిల్లగాని ఫిర్యాదును కూడ.

మన సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటల పసులు కాసే పోరన్నే పలకరిస్తడు. వాని బతుకు మన ముందల నిలబెడ్తడు. దొర మీద కోపం మనకు అక్కడ్నే పుడ్తది. నీ ముద్ద చరణంల ఆ బలం ఉన్నది.

పాడొద్దని మీ అమ్మ అంటున్నదట. ఆమె భయం ఉత్తది కాదు. భువనగిరిల మిల్లు పని చేసుకుంట పాడిన బెల్లి లలితను 1999 మే నెలల చంపి 17 ముక్కలు చేసిండ్రు. నయీం ముఠా పేరు బయటికొచ్చింది; దానికి పోలీసుల అండ ఉన్నదని హక్కుల సంఘాలు మొత్తుకున్నయి. 1997 ఏప్రిల్ల గద్దర్ మీద కాల్పులు జరిగినయి. ఒక తూటా ఆయన పోయేదాక వెన్నులనే ఉన్నది. అందుకే ఒక్కదానివే పాడకు. జట్టు కట్టు, వకీలుకు ముందే చెప్పిపెట్టు.

కేసు పెడ్తమని బెదిరిస్తే వకీలును ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పు చూడమను. ఒక కవిత మీద గుజరాత్ పోలీసులు పెట్టిన ఎఫ్ఐఆర్‌ను సుప్రీంకోర్టు 2025 మార్చి 28న కొట్టేసింది. మాటల మీద వచ్చే ఫిర్యాదుల, 3 ఏండ్ల నుంచి 7 ఏండ్ల లోపు శిక్షపడే నేరమైతే, డీఎస్పీ అనుమతితోటి ముందుగాల విచారణ చేసి చూడాలన్నది. ఆ మాటను గుండెధైర్యమున్న మనిషి లెక్కన తూచాలె గాని, ప్రతి విమర్శకూ ఉలిక్కిపడేటోని లెక్కన కాదన్నది. తీర్పిచ్చిన ఇద్దరిల ఒకరు ఉజ్జల్ భుయాన్, మన హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగ చేసినాయనే.

పాటతోటే ఆగకు బిడ్డా. ప్రతి ఠాణాల సీసీ కెమెరాలు ఉండాలె, రికార్డు కనీసం ఏడాదన్న దాచాలె అని 2020 డిసెంబర్ల సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రాత్రి ఫుటేజీ చెరిపెయ్యొద్దని ఎస్పీకి, మానవ హక్కుల కమిషన్‌కు ఈ వారమే దరఖాస్తు పెట్టియ్యి. దవాఖాన కాగితం, వాచిన చెయ్యి ఫొటో జతచెయ్యి. రశీదు లేకుండ బయటికి రాకు.

మార్చిన పాట పంపు. డప్పు కొట్టే పిల్లలకు దారి ఖర్చులు నేనిస్త. మీ అమ్మతోటి నేనే మాట్లాడ్త.

నీ మేనమామ