మడయడవి రైతునకు నేర్పు పాఠము

కాకినాడనుండి యానామునకు బోవు మార్గమున కోరంగి గ్రామము కలదు. అచ్చట గోదావరి పాయలు సముద్రమును జేరు చోట సుమారు 235 చదరపు కిలోమీటర్ల మడయడవిని 1978 సంవత్సరమున అభయారణ్యముగా బ్రకటించిరి. ఇటీవల మేము దానిని దర్శించితిమి. చూడవచ్చినవారికై వేసిన చెక్కబాట కొంతదూరముననే ముగియును. ఆవల బాట లేదు, తోట లేదు. బురదయు, చెట్లును, ఉప్పునీటి పాయలును మాత్రమే కలవు.

ఖాళీ నేల కానవచ్చినచో నందేమి పండునని యడుగుట మాకు వృత్తిరీత్యా యలవాటు. పడవవానినట్లే యడిగితిమి. అతడు నవ్వి, “రొయ్య పండుద్దండి” అనెను. పాటు దిగినపిదప ఒడ్డున నిలిచి చూడగా నతని మాట యథార్థమని తెలిసినది.

మొదట చెట్లను గూర్చి తెలిసికొందము. బురదలోనికి గాలి చొరదు. కావున మడచెట్టు వేళ్లు మేకులవలె పైకి లేచి గాలి పీల్చును. ఉప్పుపొన్న గింజ చెట్టుననుండగనే మొలకెత్తి, పిదప బురదలో బడి నాటుకొనును.

రెండవది పంట. రాలిన యాకులు క్రుళ్లగా వానిపై సూక్ష్మజీవులు పెరిగి, రొయ్యపిల్లలకును చేపపిల్లలకును ఆహారమగును. రొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు పోటుతో పాయలలో బ్రవేశించి, వేళ్ల చాటున పెరిగి, మరల సముద్రము జేరును. మన పొలమునకు నారుమడి యెట్టిదో, జాలరి వలకు ఈ యడవి యట్టిది. చేపలను నమ్మి బావురుపిల్లియు, నీటికుక్కయు నిచ్చట బ్రదుకుచున్నవి. బావురుపిల్లి రాత్రివేళ సంచరించునది గాన మాకు కానరాలేదు. బురదలో దాని యడుగుజాడలను పడవవాడు చూపెను.

మూడవది రక్షణ. 1789, 1839 సంవత్సరముల యుప్పెనలు కోరంగి రేవును పాడుచేసినవి. దట్టమైన మడ యెంతటి యుప్పెననైన నాపునని చెప్పజాలము. కాని యలల వేగమును కొంత తగ్గించి, ఒడ్డుమన్ను కోసుకొనిపోకుండ పట్టియుంచును.

నాలుగవది చెడిన యడవిని బాగుచేయుట. చెట్లు నరికినచోట నేల యెండి, కుంగి, పళ్లెమువలె నగును. పోటునీరు నిలిచి యావిరికాగా ఉప్పు మిగులును; మొలక బ్రదుకదు. ఇది మన చౌడుభూముల వ్యాధియే. చికిత్సయు నదియే, మురుగు తీయుట. గోదావరి, కృష్ణా ముఖములయందు ఇట్టిచోట్ల పెద్దకాలువ త్రవ్వి, దాని కిరువైపుల చేపముల్లువలె పిల్లకాలువలు తీసిరి. పోటుపాటులతో నీరు వచ్చిపోవుటచే ఉప్పు తగ్గెను. అపుడు కాలువగట్ల వాలున మొలకలు నాటిరి.

ఇక మన కర్తవ్యము. చేలలో చల్లిన పురుగుమందు వాననీటితో మురుగుకాలువలలో బడి, తుదకీ పాయలను జేరును. కావున,

1. వాన సూచన యున్ననాడు మందు చల్లరాదు.
2. మందు డబ్బాలను, పిచికారీలను కాలువలో కడుగరాదు.
3. కాలువ యంచువరకు దున్నక, కొంతమేర గడ్డిని విడువవలెను.
4. వంటచెరకునకు గాని, రొయ్యల చెరువులకు గాని మడను నరకరాదు. చెరువుకై మడను నరకుట విత్తనములు వండుకొని తినుటవంటిది.

దున్నని నేల యంతయు బీడు కాదని మేమీ ప్రయాణమున నేర్చితిమి. మీరును వీలుచూచుకొని, పిల్లలను వెంటగొని, ఒకమారు చూచి రండు.