మెషిన్‌లో పండ్ల రొట్టె: షుగరు ఉన్నవారి ఇంట్లో ఎలా చేసుకోవాలి?

ఆరోగ్య పత్రికలో వంట పాఠం ఏమిటని మీలో కొందరు అనుకోవచ్చు. దీనికి కారణం ఒక పెద్దాయన.

మా షుగరు క్లినిక్‌కు ఏళ్ళ తరబడి క్రమం తప్పకుండా వస్తున్న మనిషి. మాత్రలు వేళకు వేసుకుంటారు, ఉదయం నడుస్తారు, కాఫీలో చక్కెర ఎప్పుడో మానేశారు. అలాంటి మనిషికి వరుసగా రెండు నెలలు రక్తంలో చక్కెర పెరుగుతూ వచ్చింది. మందు పెంచాలా అని డాక్టరు గారు ఆలోచిస్తుండగా మేము ఆయన భార్యను పక్కన కూర్చోబెట్టి, ఇంట్లో ఏమైనా మారిందా అని అడిగాము. "ఏమీ మారలేదు సిస్టరమ్మా. పొద్దున ఇడ్లీ మానిపించి పండ్ల రొట్టె పెడుతున్నాను, అంతే. మా అబ్బాయి అమెరికా నుండి రొట్టె మెషిన్ తెచ్చాడు. పండే కదా, మంచిదని మూడు నాలుగు ముక్కలు పెడుతున్నాను" అన్నారు ఆమె.

ఆమె ప్రేమను తప్పు పట్టడానికి లేదు. రొట్టె మానేయమని ఆమెతో చెప్పడం చాలా తేలిక. కాని అలా చెబితే ఆ మెషిన్ అటక ఎక్కుతుంది, ఆయన బజారులో బన్ను కొనుక్కొని తింటారు. అందుకని ఆమె చేసే పద్ధతి అడిగి రాసుకొని, మా వంటశాలలో పలుమార్లు చేసి, తూకాలు వేసి చూశాము. ఆ పాఠమే ఇది.

మొదట కరెంటు సంగతి

విదేశాల నుండి బంధువులు తెచ్చే మెషిన్ల విషయంలో ఒక హెచ్చరిక. అమెరికాలో ఇళ్ళలో వచ్చే కరెంటు 120 వోల్టులు, మన దేశంలో 230 వోల్టులు. అక్కడి మెషిన్‌ను ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెడితే దానిలోని వేడి చేసే తీగ పుచ్చుకోవలసిన దానికన్నా మూడున్నర రెట్లకు పైగా శక్తిని లాగుతుంది. మాకు ఈ సంగతి ఎలా తెలిసిందంటే, మాకు కానుకగా వచ్చిన మొదటి మెషిన్‌ను మేమే అలా పెట్టి కాల్చాము. అదృష్టం కొద్దీ పొగతో పోయింది. మెషిన్ అడుగున అంటించిన కాగితంలో వోల్టులు, వాట్లు చదవండి. 120 అని ఉంటే వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. దాని సామర్థ్యం మెషిన్ వాట్ల కంటే బాగా ఎక్కువ ఉండాలి. ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గునే వాడాలి. రొట్టె కాలేటప్పుడు మెషిన్ పైభాగం, ఆవిరి వచ్చే రంధ్రం చెయ్యి కాలేంత వేడెక్కుతాయి గనుక పిల్లలకు అందే ఎత్తులో పెట్టవద్దు.

మెషిన్ లోపల ఏమి జరుగుతుంది?

ఈ యంత్రం జపాన్‌లో పుట్టింది. 1980లలో మత్సుషితా కంపెనీ వారు ఇంటి రొట్టె మెషిన్ తయారుచేయబోతే, ఎంత ప్రయత్నించినా రొట్టె పైన మాడి లోపల పచ్చిగా ఉండేది. పిండి సరిగా పిసకబడడం లేదని వారికి అనుమానం. అప్పుడు ఇకుకో తనకా అనే ఉద్యోగిని ఒసాకాలో మంచి రొట్టెకు పేరున్న ఒక హోటలుకు వెళ్ళి, అక్కడి ప్రధాన రొట్టె పనివాని దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని కేవలం కలపడం లేదు, సాగదీస్తూ మెలిపెడుతున్నాడని గమనించింది. ఆ మెలిక మెషిన్‌లో వచ్చేలా గిన్నె లోపలి గోడకు గాట్లు పెట్టారు. మీ మెషిన్ గిన్నెలో కనబడే నిలువు గట్లు, అడుగున తిరిగే తెడ్డు ఆ పని కోసమే.

గోధుమ పిండిలో నీళ్ళు పోసి పిసికితే దానిలోని మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ అనే సాగే వల ఏర్పడుతుంది. ఈస్ట్ చక్కెరను తిని గాలి విడుస్తుంది. ఆ గాలి వలలో చిక్కుకొని పిండి పొంగుతుంది. ఇడ్లీ పిండి పొంగడం మనకు తెలిసిందే, ఇది దానికి చుట్టమే. మామూలు పద్ధతిలో పిసకడం, పొంగించడం, కాల్చడం అన్నీ కలిసి మూడు నాలుగు గంటలు పడుతుంది.

చక్కెర వేయకపోతే ఈస్ట్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. ఇది అపోహ. పిండిలోని ఎంజైములే కొంత పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టి దానికి ఆహారం ఇస్తాయి. పైగా చక్కెర మరీ ఎక్కువైతే ఈస్ట్ కణంలోని నీరు బయటికి లాగబడి, అది మందగిస్తుంది. మన పెద్దమ్మగారి రొట్టె సరిగా పొంగకపోవడానికి ఇదొక కారణం. ఆమె పొంగడం లేదని ఇంకో చెంచా చక్కెర కలుపుతూ వచ్చారు!

ఏ పండు?

మేము అరటిపండును ఎంచుకున్నాము. ఏడాది పొడుగునా దొరుకుతుంది, మాగితే చాలా తీపిగా ఉండి చక్కెర అవసరాన్ని తగ్గిస్తుంది, రొట్టె మెత్తగా ఉంటుంది. అమృతపాణి గాని చక్కెరకేళి గాని, ఏదైనా సరే, తొక్క మీద నల్ల మచ్చలు వచ్చినది తీసుకోండి. పండ్ల లెక్కన కాక తూకం లెక్కన వేయండి, ఎందుకంటే అరటిపండులో నాలుగింట మూడు వంతులు నీరే. ఆ నీటిని లెక్కలోకి తీసుకోకుండా మామూలు రొట్టెకు పోసినంత నీరు పోస్తే రొట్టె నడుమ కుంగిపోతుంది.

పచ్చి అనాసపండు, బొప్పాయి, కివీ, తాజా అంజీరు మాత్రం నేరుగా వేయవద్దు. బిరియానీకి మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారు కదా? మాంసాన్ని విడగొట్టే ఆ ఎంజైమే గ్లూటెన్ వలను కూడా తెంపివేస్తుంది. అప్పుడు పిండి ముద్ద జారుగా అయిపోతుంది, ఎంత ఈస్ట్ వేసినా లేవదు. అనాస రుచి కావాలంటే ముక్కలను కొన్ని నిమిషాలు బాగా ఉడికించి, చల్లార్చి, రసం వడకట్టి వేయండి. వేడికి ఆ ఎంజైము నశిస్తుంది. బజారు టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయితో చేసినదే అయినా ఈ ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే అది పాకంలో ఉడికినది. కాని అది పేరుకే పండు. అది చాలావరకు చక్కెర, రంగు. షుగరు ఉన్న ఇంట్లో దానిని పండుగా లెక్కపెట్టవద్దు.

చేసే పద్ధతి

మైదా 300 గ్రాములు, గోధుమ పిండి 100 గ్రాములు తీసుకోండి. మొత్తం గోధుమ పిండితోనే చేయవచ్చు గాని రొట్టె ఇటుకలాగా బరువుగా వస్తుంది. మొదటిసారే అలా చేసి నిరాశపడవద్దు. చేయి తిరిగాక మైదా తగ్గించుకుంటూ పోండి, గోధుమ పిండి పెరిగిన కొద్దీ నీరు రెండేసి చెంచాలు పెంచండి. మెత్తగా చిదిమిన అరటిపండు 150 గ్రాములు, నీరు 150 మిల్లీలీటర్లు, నూనె 20 గ్రాములు, చక్కెర 30 గ్రాములు, ఉప్పు 6 గ్రాములు, పొడి ఈస్ట్ 5 గ్రాములు. చివర్లో వేయడానికి కిస్మిస్ 60 గ్రాములు.

చాలా మెషిన్లలో మొదట నీరు, పండు, నూనె, ఉప్పు, చక్కెర వేసి, వాటిపైన పిండి పోసి, పిండిలో చిన్న గుంట చేసి అందులో ఈస్ట్ వేయాలి. కొన్నిటిలో ఈస్ట్ అడుగున ఉండాలి. మీ మెషిన్‌తో వచ్చిన పుస్తకం ఏమి చెబితే అది చేయండి. ఏదైనా ఈస్ట్‌కు ఉప్పు నేరుగా తగలకూడదు.

తిరగడం మొదలైన పది నిమిషాలకు మూత తీసి చూడండి. పిసికే దశలో మూత తీయడం తప్పు కాదు. పూరీ పిండి కంటే మెత్తగా, చేతికి కొద్దిగా అంటుకొనే ఉండలా ఉండాలి. గిన్నె అడుగున జావలాగా పరుచుకొని ఉంటే చెంచా చెంచాగా పిండి కలపండి, ముక్కలు ముక్కలుగా దొర్లుతుంటే చెంచా చెంచాగా నీరు కలపండి. పొంగే దశలోను, కాలే దశలోను మాత్రం మూత ముట్టుకోవద్దు.

కిస్మిస్ మొదటే వేస్తే తెడ్డు వాటిని నలిపేస్తుంది. నలిగితే పిండి తడిసి నల్లబడుతుంది. రెండవసారి పిసకడం ముగిసే ముందు చాలా మెషిన్లు కూత పెడతాయి, అప్పుడు వేయండి. దాల్చినచెక్క పొడి ఇష్టమైతే అరచెంచా చాలు. ఎక్కువైతే అదీ ఈస్ట్‌ను అణచివేస్తుంది.

పుస్తకాలలో గోరువెచ్చని నీరు పోయమని ఉంటుంది. అవి చలి దేశాల కోసం రాసినవి. మన ఎండాకాలంలో డాబా మీది ట్యాంకు నీరే వేడిగా ఉంటుంది, డబ్బాలో పిండి కూడా వెచ్చగా ఉంటుంది. దానికి తోడు తెడ్డు తిరిగే రాపిడి. అంత వేడిలో పిండి తొందరపడి పొంగి, కాలే సమయానికి కూలిపోతుంది. ఏప్రిల్, మే నెలలలో కుండ నీళ్ళు గాని ఫ్రిజ్ నీళ్ళు గాని పోయండి, ఈస్ట్ కూడా ఒక గ్రాము తగ్గించండి. నీరు, పండు వేసి రాత్రంతా ఉంచి తెల్లవారి కాలేలా టైమరు పెట్టే సదుపాయం ఉంటుంది. పాలు, గుడ్డు, చిదిమిన పండు ఉన్న పిండికి మన వాతావరణంలో దానిని వాడవద్దు. అవి ఆ గంటలలో పాడవుతాయి. కరెంటు పోయి వస్తే కొన్ని మెషిన్లు ఆగినచోట నుండి మొదలుపెడతాయి, కొన్ని మొదటికి వస్తాయి. మీది ఏ రకమో ముందే తెలుసుకోండి.

ఎవరు ఎంత తినాలి?

పైన చెప్పిన రొట్టెను పన్నెండు ముక్కలుగా కోస్తే ఒక్కొక్కటి సుమారు 60 గ్రాములు తూగుతుంది, దానిలో 33 గ్రాముల వరకు పిండిపదార్థం, చక్కెర కలిసి ఉంటాయి. 30 గ్రాముల పిండితో చేసిన పుల్కాలో ఇవి దాదాపు 20 గ్రాములు. అంటే ఒక ముక్క పుల్కాన్నరకు సమానం. నాలుగు ముక్కలు తిన్న మన పెద్దాయన పొద్దున్నే ఆరు పుల్కాల పైన తిన్నట్టు! ఆమె వేసిన జాము, అదనపు చక్కెర ఇంకా ఈ లెక్కలో లేవు.

చక్కెర, కిస్మిస్ రెండూ మానేస్తే ముక్కకు 27 గ్రాముల దగ్గరకు వస్తుంది. తగ్గింది గాని మాయమవలేదు చూడండి. మిగిలినదంతా పిండి, పండు. అందుచేత షుగరు ఉన్నవారికి మేము చెప్పేది ఒక ముక్క, దానితో ఉడికించిన గుడ్డో, మొలకెత్తిన పెసలో, వేరుశనగ పచ్చడో. జాము వద్దు. తిన్న రెండు గంటలకు చక్కెర పరీక్ష చేసి చూసుకుంటే మీ శరీరానికి అది ఎంతవరకు సరిపడుతుందో మీకే తెలుస్తుంది. ఇన్సులిన్ తీసుకొనేవారు ఒక్కసారిగా ఆహారం తగ్గించి మందు అంతే ఉంచితే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. ముందు డాక్టరుతో మాట్లాడండి. మన పెద్దాయనకు ఇప్పుడు వారానికి రెండు రోజులు, రోజుకు ఒక ముక్క. మిగిలిన రొట్టె ఎదురింటి పిల్లలకు పోతోందని ఆయన కాస్త గునుస్తారు.

మూత్రపిండాల జబ్బు వల్ల పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారికి అరటిపండు, కిస్మిస్ రెండూ తగవు. వారికి ఆపిల్ ముక్కలతో చేయవచ్చు, అదీ ఎంతో అడిగి తెలుసుకొని. సీలియాక్ వ్యాధి ఉన్నవారు గోధుమ రొట్టె ఏ రూపంలోనూ తినకూడదు. పసిపిల్లలకు కిస్మిస్ గొంతులో అడ్డుపడవచ్చు, వారి కోసం సన్నగా తరిగి వేయండి. చక్కెరకు బదులు తేనె వేస్తే ఏడాది నిండని బిడ్డకు ఆ రొట్టె పెట్టవద్దు. రక్తపోటు ఉన్నవారు ఉప్పును కొంత తగ్గించుకోవచ్చు. పూర్తిగా మానేస్తే పిండి అదుపు లేకుండా పొంగి కుంగుతుంది.

ఇంట్లో చేసుకోవడంలో ఒక లాభం ఉన్నది. రొట్టె బాగా లేవడానికి బేకరీలలో పొటాషియం బ్రోమేట్ అనే రసాయనాన్ని వాడేవారు. దీనివల్ల మనుషులకు క్యాన్సర్ వచ్చే అవకాశం ఉన్నదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1999లో వర్గీకరించింది. మన దేశంలో 2016లో దీనిని నిషేధించారు. మన గిన్నెలో ఏమి పడిందో మనకు తెలుసు, అది చాలు.

నిల్వ

కాలడం అయిన వెంటనే రొట్టెను గిన్నె నుండి తీసి జల్లి మీద పెట్టండి. లోపలే వదిలితే ఆవిరి పట్టి అడుగు తడుస్తుంది. తెడ్డు రొట్టెలో ఇరుక్కొని ఉందేమో చూసుకొని, పూర్తిగా చల్లారాకే కోయండి. పండు ఉన్న రొట్టె మన తేమలో బయట రెండు రోజులకంటే నిలవదు. ముక్కలు కోసి ఫ్రిజ్ పైగదిలో గడ్డకట్టించి, కావలసినప్పుడు పెనం మీద వేడిచేసుకోండి. బూజు ఒక మూల కనబడినా రొట్టె అంతా పారవేయాలి. ఆ మూల కోసి మిగిలినది తినడం మంచిది కాదు, బూజు వేళ్ళు కంటికి కనబడనంత లోపలికి వెళతాయి.

బూజు లేకుండానే పాడయ్యే పద్ధతి ఇంకొకటి ఉన్నది, పండ్ల రొట్టెలో దీనిని గుర్తుపట్టడం కష్టం. పిండిలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు కాల్చే వేడికి కూడా చావవు. వేడి వాతావరణంలో, సరిగా చల్లారని రొట్టెలో అవి పెరుగుతాయి. అప్పుడు రొట్టె నుండి మిగులపండిన అనాస లేక ఖర్బూజా వాసన వస్తుంది. ఇంట్లోవారు అది పండు వాసనే అనుకుంటారు. అనుమానం వస్తే ముక్కను విరిచి నెమ్మదిగా లాగండి. నడుమ జిగటగా ఉండి సన్నని దారాలు సాగితే తినవద్దు, ఎవరికీ పెట్టవద్దు, రొట్టె మొత్తం పారవేయండి. గిన్నెను, తెడ్డును, రొట్టె కోసిన చెక్కను, కత్తిని వెనిగర్ కలిపిన నీటితో తుడిచి ఎండబెట్టండి. మరుసటి రొట్టెకు నీటిలో ఒక చెంచా వెనిగర్ కలిపితే ఆ బాక్టీరియా పెరుగుదల తగ్గుతుంది, రుచిలో తేడా తెలియదు.